వాడికి వేరే కంచం పెట్టకండి

కోస్తాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె బ్యాంకు ఉద్యోగి. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. అత్తమామలతో కలిసి ఉంటారు. పెళ్లయిన ఏడేళ్లకు, నెలలు నిండకుండా, కిలో 900 గ్రాముల బరువుతో కొడుకు పుట్టాడు. సెలవు అయిపోయి ఆమె ఉద్యోగంలో చేరాక బాబును అత్తగారే పెంచారు. ఇప్పుడు వాడికి పదేళ్లు నిండాయి, ఐదో తరగతి చదువుతున్నాడు. ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు.

జూలైలో బడిలో ఆరోగ్య పరీక్ష పెట్టి, తరగతి మొత్తం చూస్తుండగా తూచి, బరువు పైకి చదివారట. ఆ రోజు నుంచి పిల్లలు వాడిని ‘బొండాం’ అని పిలుస్తున్నారు. పరుగు పందెం పెట్టినప్పుడు డ్రిల్లు సారు ‘నువ్వు చప్పట్లు కొట్టు, చాలు’ అన్నారట. ఆ డ్రిల్లు పీరియడు కూడా వారానికి ఒక్కటే. బడి మూడంతస్తుల అద్దె భవనంలో నడుస్తోంది, ఆటస్థలం లేదు.

బాబు రోజు ఎలా గడుస్తుందో ఆమె గంటల వారీగా రాశారు. ఉదయం ఐదున్నరకు లేపుతారు. పెద్ద గ్లాసు పాలలో బలానికని ఒక పొడి, రెండు చెంచాల చక్కెర. ఆరు యాభైకి బస్సు. చిరుతిండి డబ్బాలో క్రీము బిస్కెట్లు. బడి వదిలాక తాతగారు ఇచ్చిన ఇరవై రూపాయలతో గేటు పక్క బేకరీలో ఎగ్ పఫ్. ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్. తొమ్మిదికి టీవీ ముందు నానమ్మ చేతి ముద్దలు. పదింటికి మళ్లీ పొడి, చక్కెర కలిపిన పాలు. హోంవర్కు ముగించి పడుకునేసరికి పదకొండు. శని, ఆదివారాల్లో కూల్‌డ్రింకు. నిద్రలో గురక పెడతాడు. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా అయింది. ‘సున్నిపిండితో ఎంత రుద్దినా ఆ మురికి పోవడం లేదు’ అని రాశారు.

తూకం జరిగిన మర్నాటి నుంచి ఆమె వాడికి వేరే వంట మొదలుపెట్టారు. అందరూ అన్నం, దుంపల వేపుడు తింటుంటే వాడి కంచంలో రెండు పుల్కాలు, నూనె లేని కూర. ఆమె బ్యాంకు నుంచి వచ్చేలోపే అత్తగారు నెయ్యి అన్నం కలిపి పెట్టేస్తున్నారు. అదేమని అడిగితే ‘నువ్వు కన్నావు, నేను బతికించాను’ అన్నారట. భర్తకు 41 ఏళ్లకే చక్కెర వ్యాధి వచ్చింది, మాత్రలు వాడుతున్నారు. ఆయన మాత్రం ‘నేనూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడిని, పొడుగైతే సర్దుకుంటుంది’ అంటున్నారు. చెల్లెలు హాస్టల్లో వేయమంటోంది. పక్కింటివారు అన్నం మానిపించి ఒక పొడి తాగించమంటున్నారు.

‘పోయిన వారం పరుపు కింద పదకొండు బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు దొరికాయి. కొట్టాను. పదేళ్లలో మొదటిసారి. వాడు ఏడవలేదు. నేను లావుగా ఉన్నానని నీకు సిగ్గా అమ్మా, అని అడిగాడు. అత్తగారి నుంచి వేరు పడాలా? బడి మార్చాలా? హాస్టల్లో చేర్చాలా? సంక్రాంతి వస్తోంది, అత్తగారు అప్పుడే అరిసెలకు బెల్లం తెప్పించారు. పండుగ అంటేనే భయం వేస్తోంది’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ఆ పదకొండు కాగితాల దగ్గర. మీరు దాన్ని దొంగతనమని రాశారు. నేను అలా చూడలేకపోతున్నాను. ఒకే బల్ల మీద నలుగురు వేపుడు తింటుంటే ఒక్కడి కంచంలో పుల్కా పడితే, ఆ పిల్లవాడికి రెండు సంగతులు అర్థమవుతాయి. వేపుడు చాలా గొప్ప వస్తువు అన్నది ఒకటి. తనలో ఏదో తప్పు ఉందన్నది రెండోది. కళ్లెదుట ఉంచి అందనివ్వని తిండి మీద పిల్లలకు మోజు పెరుగుతుందని పిల్లల ఆహారపు అలవాట్లను పరిశీలించినవారు ఎప్పుడో గమనించారు. మోజు, ఆకలి, అవమానం మూడూ కలిస్తే పిల్లవాడు పరుపు కిందే తింటాడు. ఒంటరిగా, గబగబా, రుచి కూడా తెలియకుండా తింటాడు. అలా తినడం అలవాటైతే దాన్ని మాన్పించడం బరువు తగ్గించడం కన్నా కష్టం. అందుకే మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా ముందు ఒక మాట చెబుతాను. ఈ రాత్రి నుంచే వాడి వేరే కంచం ఎత్తేయండి.

అంటే బరువును పట్టించుకోవద్దని కాదు. 140 సెంటీమీటర్ల ఎత్తుకు 52 కిలోలంటే శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చెప్పే అంకె) సుమారు 26.5. పెద్దవాళ్లకు వాడే కొలత పిల్లలకు నేరుగా పనికిరాదు, వయసును బట్టి చూడాలి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన ఎదుగుదల పటాలు ఇందుకోసమే ఉన్నాయి. ఆ పటంలో మీ బాబు ఊబకాయం గీతకు బాగా పైనే ఉంటాడు. పొడుగైతే సర్దుకుంటుందన్న మీ వారి మాటలో సగం నిజం ఉంది. పదేళ్ల పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. రెండేళ్లలో వాడు 151 సెంటీమీటర్లకు చేరి, బరువు ఇప్పుడున్నచోటే నిలిస్తే, ఒక్క కిలో కూడా తగ్గకుండానే సూచిక 23 లోపుకు వస్తుంది. మీ వారు వదిలేసిన సగం ఏమిటంటే, ఇప్పటి రోజువారీ తీరు మారకపోతే బరువు నిలవదు, ఎత్తుకన్నా వేగంగా పరిగెడుతుంది. కాబట్టి మన పని బరువును నిలబెట్టడం, కాలానికి కొంచెం సాయం చేయడం. ఎదిగే పిల్లవాడిని మాడ్చే పని మనకు వద్దు. పక్కింటివారు చెప్పిన పొడి సంగతి ఇక్కడితో వదిలేయండి. పదేళ్ల వాడికి అన్నం బదులు పొడి పట్టించడానికి ఏ పిల్లల వైద్యుడూ ఒప్పుకోడు.

మెడ మీది నలుపును రుద్దడం మానండి. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు, చర్మం ఒరుసుకుపోవడం తప్ప. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయక, దాని మోతాదు పెరిగిపోయినప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం అలా నల్లబడి మందమవుతుంది. తండ్రికి చక్కెర వ్యాధి, కొడుకు మెడ మీద ఈ గుర్తు, పైగా గురక. వీటిని చూశాక ఇంకో ఏడాది ఆగుదామని నేను చెప్పలేను. ఈ నెలలోనే పిల్లల వైద్యుడికి చూపించండి. రక్తపోటు, పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు అడగండి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుంటే, పగలు తరగతిలో తూగుతుంటే, తరచూ దాహం వేసి మూత్రానికి వెళుతుంటే, మోకాళ్లు, తుంటి నొప్పి అంటుంటే అది తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ ఏమోనని అడిగారు. హార్మోను లోపం వల్ల లావయ్యే పిల్లలు సాధారణంగా పొట్టిగా ఉండిపోతారు. మీ బాబు ఎత్తు వయసుకు తగ్గట్టే ఉంది కాబట్టి ఆ అవకాశం తక్కువ.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా వెంట తీసుకువెళ్లండి.

‘నువ్వు కన్నావు, నేను బతికించాను’ అన్న మాట మిమ్మల్ని ఎంత గాయపరిచిందో ఉత్తరంలో కనిపిస్తోంది. కానీ దాన్ని ఆవిడ వైపు నుంచి కూడా ఒకసారి వినండి. ఆవిడ పిల్లల్ని చూస్తూ పెరిగిన కాలం వేరు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. ఆ రోజుల్లో సన్నగా ఉన్న బిడ్డంటే దక్కుతాడో లేదో తెలియని బిడ్డ. బుగ్గలు నిండిన బిడ్డంటే గండం గడిచిన బిడ్డ. అలాంటి మనిషి చేతుల్లో రెండు కిలోలు కూడా లేని పసికందును పెట్టి మీరు ఉద్యోగానికి వెళ్లారు, వెళ్లక తప్పలేదు కాబట్టి. ఆవిడ రాత్రింబవళ్లు పట్టిన పాలు, తినిపించిన ప్రతి ముద్దా ఆ భయానికి ఆవిడ చెప్పిన జవాబు. ఆవిడ గెలిచింది కూడా. ఆ గెలుపును ఈ ఇంట్లో ఎవరైనా ఒకసారి నోరు తెరిచి ఒప్పుకున్నారా? ముందు మీరు ఒప్పుకోండి. ‘అత్తయ్యా, వీడు ఈ రోజు ఇలా ఉన్నాడంటే మీ వల్లే’ అని బాబు ముందే చెప్పండి. అది నిజం కాబట్టి చెప్పండి.

ఆ తరువాతి మాట వైద్యుడి నోటి నుంచి రావడం మంచిది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం 1993 నుంచి తల్లులను, వాళ్లకు పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. మన శిశువులు తూకంలో చిన్నగా పుట్టినా, కండ తక్కువగా, కొవ్వు దానితో పోలిస్తే ఎక్కువగా ఉంటున్నారని అందులో తేలింది. తక్కువ బరువుతో పుట్టి, ఆ తరువాత వేగంగా లావెక్కిన పిల్లలకు పెద్దయ్యాక చక్కెర వ్యాధి ముప్పు ఎక్కువ. అంటే పసితనంలో వాడిని నిలబెట్టిన అదే తిండి, అదే మోతాదులో పదేళ్ల వయసులో వాడికి ఎదురు తిరుగుతోంది. ‘అమ్మా, మీరు చేయాల్సింది చేశారు. ఇప్పుడు వీడి అవసరం మారింది’ అని తెల్లకోటు వేసుకున్నవారు చెబితే ఆవిడ వింటుంది. కోడలు చెబితే అదే మాట నింద అవుతుంది.

నెయ్యి మీద యుద్ధం వద్దు. పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి మీ ఇంటి సమస్య కానే కాదు. ఆవిడ చేతి వంటనంతా మీరు అనుమానిస్తున్నారు, కానీ ‘బలానికి’ మీ చేత్తోనే కలిపే పాల వైపు చూడలేదు. లెక్క వేద్దాం. రెండు గ్లాసుల్లో నాలుగు చెంచాల చక్కెరంటే దాదాపు 20 గ్రాములు. ఆ పొడిలో ఉండే చక్కెర దానికి అదనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజు మొత్తం శక్తిలో అదనపు చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని. ఈ వయసు పిల్లవాడికి ఆ 5 శాతమంటే రోజుకు సుమారు 25 గ్రాములు. పాలతోనే అది దాదాపు నిండిపోయింది. క్రీము బిస్కెట్లు ఇంకా లెక్కలోకి రాలేదు. శనివారం తాగే 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఒక్కదానిలోనే 30 గ్రాములకు పైగా ఉంటుంది. ఈ పొడుల్ని ‘ఆరోగ్య పానీయాలు’ అనే వరుసలో పెట్టి అమ్మవద్దని కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పాల్సి వచ్చింది. పాలు ఉంచండి, పొడి తీసేయండి. చక్కెరను వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి, నాలుక తనంతట తాను సర్దుకుంటుంది. రాత్రి పదింటి గ్లాసును పూర్తిగా మానేయవచ్చు.

ఇవన్నీ ఇంటిల్లిపాదికీ వర్తించాలి. కూల్‌డ్రింకు వాడికి వద్దంటే ఫ్రిజ్‌లోనే ఉండకూడదు. మీ వారికి తినాలనిపిస్తే బయట తిని రావచ్చు, కానీ ఇంటికి తేకూడదు. నిజానికి మీ వారికి వైద్యుడు ఏం తినమని చెప్పి ఉంటాడో, మీ బాబుకు కావాల్సిందీ అదే. పప్పు, ఆకుకూర, కూర సగం కంచం నిండాలి, అన్నం కొలతగా, పెరుగు. దుంపల వేపుడు వారానికి ఒకసారి, అందరికీ. తండ్రి కంచం, కొడుకు కంచం ఒకేలా ఉన్న రోజున వాడి ‘డైటు’ ముగిసిపోతుంది, ఆయన చక్కెర కూడా అదుపులోకి రావచ్చు. మీ వారిని ఒప్పించడానికి బాబు బరువు గురించి వాదించకండి. ‘మీకు ఈ జబ్బు 41కి వచ్చింది, వాడికి ఎన్నేళ్లకు రావాలి’ అని నెమ్మదిగా అడగండి.

అత్తగారికి వంటింట్లో పని తగ్గించకండి, పెంచండి. ఆవిడకు తెలిసినన్ని మంచి చిరుతిళ్లు మీకూ నాకూ తెలియవు. అలసంద గుగ్గిళ్లు, ఉడకబెట్టిన వేరుశెనగలు, మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ, జామకాయ మీద ఉప్పూకారం, పల్చటి మజ్జిగలో కరివేపాకు. ఐదుంబావుకు ఆకలితో వచ్చే మనవడికి ఇవి వేడిగా ఎదురైతే బేకరీ అంత రుచించదు. బడి డబ్బాలోనూ బిస్కెట్ల బదులు ఇవే పెట్టవచ్చు. మామగారి ఇరవై రూపాయల్ని కూడా ఆపకండి, రోజూ కాకుండా ఆదివారం వాడి హుండీలో వేయమనండి, ఏదైనా ఆటవస్తువు కొనుక్కుంటాడు.

ఇక టీవీ ముందు ముద్దలు. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెబుతాను. తిండిలో ఏముందన్నదాని కన్నా ఇది పెద్ద సంగతి. పిల్లవాడికి కడుపు ‘చాలు’ అని చెబుతుంది. కళ్లు తెర మీద, ముద్ద ఇంకొకరి చేతిలో ఉంటే ఆ మాట వాడికి వినపడదు. ‘ఇంకొక్క ముద్ద, తాత పేరున’ అంటూ ఆ మాటను మనమే నొక్కేస్తాం. ఇంట్లో ఏం వండాలి, ఎప్పుడు వడ్డించాలి అన్నది పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఎంత తినాలన్నది వాడి చేతిలో ఉండాలి. రెండోసారి అడిగితే కూర, పప్పు పెట్టండి, ముఖం చిట్లించకుండా పెట్టండి. చాలు అంటే అక్కడితో ఆగండి. నానమ్మ చేతి ముద్ద పూర్తిగా పోవాలని నేను అనను. ఆదివారం రాత్రి డాబా మీద అందరూ కూర్చుని, ఆవిడ కలిపిన ఆవకాయ అన్నం మీకూ మీ వారికీ కూడా తలా ఒక ముద్ద పెట్టమనండి.

నిద్ర గురించి మీరు ఏమీ అడగలేదు, గంటల లెక్క మాత్రం రాశారు. పదకొండుకు పడుకుని ఐదున్నరకు లేస్తే ఆరున్నర గంటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కావాల్సింది 9 నుంచి 12 గంటలు. ప్రతి రాత్రీ వాడు కనీసం రెండున్నర గంటలు బాకీ పడుతున్నాడు. నిద్ర చాలని ఒంట్లో ఆకలిని పెంచే హార్మోను పెరుగుతుంది, తృప్తినిచ్చే హార్మోను తగ్గుతుంది, మర్నాడు మనసు తీపి వైపు, నూనె వైపు లాగుతుంది. ఆ పిల్లవాడి తప్పేముంది అమ్మా? పదేళ్ల వాడిని పొద్దున్న ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలో కూర్చోబెట్టి, లావయ్యావని చప్పట్లు కొట్టమనే పెద్దవాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు.

నా అభిప్రాయం అడిగితే ట్యూషన్ మాన్పించండి. దాని పర్యవసానమూ చెబుతాను. మొదటి పరీక్షలో మార్కులు కొంత తగ్గవచ్చు, మీ వారు మిమ్మల్ని అనవచ్చు. బదులుగా ఒక గంట ఆట, మరో గంట నిద్ర వస్తాయి. పూర్తిగా మానడం కుదరకపోతే వారానికి మూడు రోజులకు తగ్గించండి, ఎనిమిదిన్నరకల్లా పడుకోబెట్టండి. అప్పుడు ఆట సాయంత్రాలు సగమే మిగులుతాయి, ఫలితం నెమ్మదిగా వస్తుంది. రెండింటిలో ఏది మీ ఇంట్లో నిలుస్తుందో మీకే బాగా తెలుసు.

ఆట అంటే జిమ్ము కాదు. ఈ వయసులో రోజుకు ఒక గంట ఒళ్లు కదలాలని, చెమట పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట ముక్కలు ముక్కలుగా పూర్తయినా సరే. ఏ ఆట కావాలో వాడినే అడగండి. పరుగులో వెనకబడే పిల్లవాడు కబడ్డీ కూతలో, సైకిల్ మీద, ఈతలో రాణించవచ్చు. ఈతకు చొక్కా విప్పాలంటే ఇప్పుడు సిగ్గుపడతాడేమో, బలవంతం వద్దు. మీ వారు దుకాణం మూసి వచ్చాక ఇద్దరూ వీధిలో అరగంట షటిల్ ఆడితే తండ్రికీ కొడుక్కీ ఒకే మందు.

ఇప్పుడు బడి. ఈ భారమంతా మీ వంటింటి మీద వేయడం అన్యాయం. 2025లో యునిసెఫ్ చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువున్నవారు 9.2 శాతమైతే ఊబకాయమున్నవారు 9.4 శాతం. ఇలా తారుమారు కావడం అదే మొదటిసారి. ఇన్ని దేశాల పిల్లలు ఒక్కసారిగా బద్ధకస్తులు కాలేరు కదా. వాళ్ల చుట్టూ ఉన్నది మారింది. బడి గేటు దగ్గరి బేకరీ అలాంటి మార్పే. కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండి బడి క్యాంటీన్‌లోనూ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపునా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. పిల్లలకు చక్కెర గురించి తెలిసేలా గోడ మీద ‘షుగర్ బోర్డు’ పెట్టమని సీబీఎస్ఈ 2025 మేలో తన బడులకు చెప్పింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఆటస్థలం ఒక ప్రమాణం. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు, కొన్ని రోజులు రాగిజావ ఇస్తున్నారు. వేలకు వేలు రుసుము కట్టే మీరు పిల్లలు పరిగెత్తే చోటు అడగడానికి ఎందుకు మొహమాటపడాలి?

ఒక్కరే వెళ్లకండి. ఒక్కరే వెళితే ‘ఆ అబ్బాయి తల్లి’ వచ్చిందంటారు, ఆ మాట మళ్లీ వాడి మీదికే పోతుంది. నలుగురైదుగురు తల్లిదండ్రులు, వాళ్లలో సన్నటి పిల్లల తల్లిదండ్రులూ ఉండేలా చూసుకుని, రాతపూర్వకంగా అడగండి. తూకం వేస్తే గదిలో ఒక్కొక్కరినే వేయాలి, అంకె తల్లిదండ్రులకు మూసిన కవరులో పంపాలి. డ్రిల్లు పీరియడును లెక్కలకు ఇచ్చేయకూడదు. పుట్టినరోజుకు చాక్లెట్ల బదులు తరగతి గ్రంథాలయానికి ఒక పుస్తకం తెచ్చుకోవచ్చు. జవాబు చెప్పినవాడికి టీచరు చాక్లెట్ ఇవ్వడం మానాలి. నేల లేదంటారు, నిజమే. స్కాట్లాండులో స్టిర్లింగ్ పట్టణంలోని ఒక ప్రాథమిక బడిలో 2012లో ప్రధానోపాధ్యాయురాలు పిల్లల్ని రోజూ 15 నిమిషాలు, వేసుకున్న బట్టలతోనే, పోటీ లేకుండా, ఎవరి వేగంలో వాళ్లను నడవమని, పరిగెత్తమని బయటికి తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. అది తరువాత ఎన్నో దేశాల బడులకు పాకింది. దానికి మైదానం అక్కర్లేదు, మీ బడి డాబా చాలు, చుట్టూ పిట్టగోడ గట్టిగా ఉంటే. కేరళలో 2019లో నీళ్లు తాగమని గంట కొట్టడం మొదలైంది, దానికి పైసా ఖర్చు లేదు. అన్నీ ఒప్పుకుంటారని నేను ఆశపడను. రెండు ఒప్పుకున్నా మంచిదే. డ్రిల్లు సారుతో మాత్రం మీ వారు విడిగా, మర్యాదగా మాట్లాడాలి. ఆయనకు తాను ఏమన్నారో గుర్తు కూడా ఉండి ఉండదు. ఆ పేరు పెట్టి పిలవడం తరగతిలో ఆగాలని క్లాస్ టీచరుకు చెప్పండి, మీ బాబు పేరు ఎత్తకుండా మొత్తం తరగతికి చెప్పమనండి.

బడి మార్చడం గురించి ఇప్పుడు నిర్ణయం వద్దు. ఏడాది మధ్యలో మారిస్తే వాడికి ఉన్న ఒకరిద్దరు స్నేహితులూ పోతారు, కొత్త బడిలో కొత్త పేరు పెట్టరని హామీ లేదు. మార్చి దాకా చూడండి. బడి ఒక్క మాటా వినకపోతే, ఇంటికి దగ్గరగా, నేల ఉన్న బడి దొరికితే, జూన్‌లో మార్చడంలో తప్పు లేదు. ర్యాంకుల పేరు లేకపోయినా సరే. అది వాడిని అడిగి చేయండి.

హాస్టల్ వైపు నేను మొగ్గు చూపను. అక్కడ బరువు తగ్గవచ్చు, కాదనను. కానీ వాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో వాడి ప్రశ్నలోనే ఉంది. లావుగా ఉన్నానని పంపేశారు అనుకుంటాడు. సెలవులకు వచ్చేది మారని ఇంటికే కాబట్టి బరువూ తిరిగి వస్తుంది. వేరు కాపురం కూడా అంతే. మీరు ఆరున్నరకు వస్తారు, వాడు ఐదుంబావుకు వస్తాడు. ఆ గంటంబావులో తలుపు తీసి అన్నం పెట్టే నానమ్మ స్థానంలో తాళం చెవి, ఫోను, చిప్స్ ప్యాకెట్ వస్తాయి. పైగా తన ఒళ్లు వల్లే ఇల్లు రెండు ముక్కలైందని వాడు జీవితాంతం మోస్తాడు. మీకూ అత్తగారికీ మధ్య వేరే కారణాలతో కలిసి ఉండలేని పరిస్థితి ఉంటే అది వేరే ఉత్తరం. ఈ కారణంతో మాత్రం వద్దు.

వాడి ప్రశ్నకు మీరు ఇంకా జవాబు చెప్పలేదనుకుంటాను. ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఈ రోజే చెప్పండి, దీపం ఆర్పాక పక్కన పడుకుని చెప్పండి. చీకట్లో పిల్లలకు వినడం తేలిక. కొట్టినందుకు తప్పైందని చెప్పండి, ‘కానీ నువ్వు’ అని కలపకుండా. ‘నిన్ను చూసి నాకు సిగ్గు ఎప్పుడూ లేదు. భయం వేసింది. నాన్నకు వచ్చిన జబ్బు నీకు రాకూడదని భయపడి నీ ఒక్కడి కంచం మార్చాను. అది నేను చేసిన పొరపాటు. రేపటి నుంచి మనందరి కంచాలూ మారతాయి’ అని మీ మాటల్లో చెప్పండి. బిస్కెట్ కావాలనిపిస్తే దాచుకోనక్కర్లేదని, వచ్చి అడగవచ్చని చెప్పండి. అడిగినప్పుడు రెండు ఇచ్చి, పక్కన కూర్చోండి. తరువాత ఇంట్లో లావు, సన్నం అనే మాటలు ఎవరి గురించీ వద్దు, మీ ఒంటి గురించి మీరు అద్దం ముందు అనుకునే మాటలతో సహా. తూకం మిషన్ అటక మీద పెట్టేయండి, మూడు నెలలకోసారి వైద్యుడి దగ్గర చూస్తే చాలు.

సంక్రాంతికి అరిసెలు వండనివ్వండి. బెల్లం తిరిగి ఇచ్చేయమంటే ఆ ఇంట్లో పండుగ మీ బాబు పేరు మీద ఆగిపోయినట్టవుతుంది. ఎప్పుడూ చేసే రెండు డబ్బాల బదులు ఒక డబ్బా చేయమని, అందులో సగం చుట్టాలకు పంచమని అత్తగారిని అడగండి. పాకం పట్టేటప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టండి, ఉండపాకం వచ్చిందో లేదో నీళ్లలో వేసి చూసే పని వాడికి ఇవ్వమనండి. పండుగ మూడు రోజులూ భోజనం తరువాత అందరితో పాటు ఒక అరిసె, అందరి ముందు, కంచంలో. మధ్యాహ్నాలు తండ్రీ కొడుకులు డాబా ఎక్కి గాలిపటం ఎగరేయాలి. దారం తెగినప్పుడల్లా మెట్లు దిగి వీధిలో పరిగెత్తి తెచ్చేది కొడుకొక్కడే కాదు, మీ వారు కూడా.